లేవని మేడ

సాక్చీ బజారులో చింతపండు బేరం చేస్తున్నాను. పక్కన నిలబడ్డ మనిషి ఇంకొకాయనతో అంటున్నాడు: "ఏరోడ్రం కాడ క్రేను మామ ఉన్నాడే, తెలుసా? పోనాడు."

జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్లకి చావు కబుర్లు చింతపండు కొట్టు దగ్గరే తెలుస్తాయి. ఉత్తరాలు రాసుకునే అలవాటు మనకి లేదు. చింతపండు లేకుండా బతికే అలవాటూ లేదు.

ఎలా పోయాడని అడిగాను.

"ఏటీ నేదండి. మంచం మీదే."

నాకది నచ్చలేదు. బతికినన్నాళ్లూ నేల మీద ఉండడం నామోషీ అనుకున్న మనిషి, చివరికి నేలకి మూరెడు ఎత్తున నులకమంచం మీద పోవడమేమిటి? ఇంకొంచెం మర్యాదైన ఏర్పాటు జరగవలసింది.

ఆయన నా ఇంటి ఓనరు. డెబ్బైల చివర్లో కొన్నేళ్లు ఆయన ఇంట్లో ఒక గదిలో అద్దెకున్నాను. మా బస్తీ ఏరోడ్రం వెనక ఉండేది. ఈ 'వెనక' అన్నమాట నాది. ఆయన నోట ఎప్పుడూ రాలేదు. విమానం దిగేది మన నెత్తి మీంచే కాబట్టి మనది ముందు. ఏరోడ్రం ఆఫీసరు బల్ల వేసుకుని కూర్చున్నదే వెనక. ఇదీ ఆయన భూగోళశాస్త్రం. ఆ బస్తీకి ఆయన పెట్టుకున్న పేరు ఎయిర్‌పోర్టు కాలనీ. దారిలో బురద, ఆ బురదలో పందులు, వాటి పక్కన సైకిళ్ల మీద పొద్దున్నే డ్యూటీకి బయల్దేరే జనం. వీటన్నిటినీ కలిపి కాలనీ అనడానికి గుండె ధైర్యం కావాలి.

నేను అక్కడికి ఇష్టపడి పోలేదు. కద్మాలో ఇళ్లు మంచి ఉద్యోగాలున్నవాళ్లకి. మాంగోలో ఇళ్లు వంతెన మీద బస్సుకి వేలాడగలిగిన వాళ్లకి. భుయ్యాడీహ్‌లో గదులు, ఒక గదిలో రెండు సంసారాలు పడతాయని నమ్మేవాళ్లకి. నాకు మిగిలింది ఏరోడ్రం. నేను సాక్చీలో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాని. మా తాతగారి దగ్గర గుమాస్తాలు ఉండేవారు. ఈ విషయం మీద ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

గది చూడ్డానికి వెళ్లిన రోజున ఆయన నా ఉద్యోగం గురించి అడగలేదు.

"ఇచ్చాపురం కాడ మేడ బాబులంటే మీరేనా?"

"మేమే."

"మేడుందా ఇంకా?"

"లేదు. వ్యాజ్యాల్లో పోయింది."

"అయ్యో," అన్నాడు. ఆ 'అయ్యో' నా కోసం కాదు, మేడ కోసం. తరవాత అద్దె చెప్పాడు. పెంకుటింట్లో ఒక్క గదికి ఇంతా అన్నాను.

"గదికి తక్కువే బాబూ. మిగతాది ఏరోప్లేనుకి."

"దానికి నేనెందుకు ఇవ్వాలి?"

"మరేటి! పొద్దున్నే లేసి తలుపు తీత్తే ఎదర ఏరోప్లేను. పెద్ద పెద్ద మినిస్టర్లు కూడా అది సూడాలంటే కారేసుకుని ఎల్లాల."

నీళ్ల సంగతి అడిగాను. నుయ్యి ఉందన్నాడు. దూరమా అన్నాను. "మన కాలనీలో ఏదీ దూరం కాదు బాబూ," అన్నాడు. నుయ్యి రెండు వీధుల అవతల ఉందని సాయంత్రం బకెట్టు పట్టుకున్నాక తెలిసింది.

బస్తీ అంతా ఆయన్ని 'క్రేను మామ' అనేది. ఆయన భార్య అందరికీ అత్త. నేను మాత్రం 'మీరు' అనీ 'ఏవండీ' అనీ పిలిచేవాణ్ణి. మనిషిని దూరంగా ఉంచడానికి మర్యాదకి మించిన సాధనం లేదు. ఆయన ఆ దూరాన్ని గమనించినట్టు ఎప్పుడూ కనిపించలేదు.

విమానాలంటే బారులు తీరి వస్తాయనుకోకండి. పెద్ద ఉద్యోగుల బుల్లి విమానం ఒకటి, దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. తరవాత కొన్నాళ్లకి కలకత్తా విమానం ఒకటి మొదలైంది. అది వారంలో ఏ రోజున రావాలో దానికే సరిగ్గా తెలిసినట్టు ఉండేది కాదు. అయినా చప్పుడు వినిపించిందంటే ఆయన చూపుడువేలు పైకి లేచేది. అది లేస్తే చుట్టుపక్కల ఎవరూ మాట్లాడకూడదు. విమానం దిగాక ఆయన మాట ఎక్కడ తెగిందో సరిగ్గా అక్కణ్ణుంచే అతికేవాడు. ఒకసారి అత్తతో తగువు పడుతూ "నీ పుట్టింటోల్లంతా..." అన్నాడు. చప్పుడు. వేలు లేచింది. విమానం నింపాదిగా వచ్చి, ఒక చుట్టు తిరిగి, దిగింది. "...ఎదవలు," అని పూర్తి చేశాడు. ఆవిడ కూడా న్యాయంగా, చప్పుడు ఆగేదాకా గరిటె పట్టుకుని నిలబడి, తరవాతే జవాబు మొదలుపెట్టింది.

ఆయన కార్ఖానాలో జీవితమంతా క్రేను నడిపాడు. కరిగిన ఇనుము కుండలని గొలుసులతో ఎత్తి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే క్రేను. దాని గది కప్పుకి ఆనుకుని ఉంటుంది. కింద పనిచేసేవాళ్లూ, మేస్త్రీలూ, ఇంజనీర్లూ, తెల్ల టోపీలవాళ్లూ అందరూ ఆయనకి టోపీల నడినెత్తులుగానే పరిచయం. ఎవరి ముఖమూ సరిగ్గా ఎరగడు. రిటైరయ్యి కిందికి దిగాక తెలిసిందట, ప్రపంచంలో ఇన్ని ముఖాలున్నాయని. అవి ఆయనకి నచ్చలేదు.

క్రేను భాష మాత్రం ఆయనతోపాటు ఇంటికొచ్చేసింది. బరువు పైకెత్తాలంటే అక్కడ 'హాబీస్' అని అరుస్తారు, దించాలంటే 'ఆరియా' అని. నూతిలో చేద లాగుతున్న కోడలికి దూరం నుంచే "హాబీస్!" అత్త అన్నం వడ్డిస్తూ గరిటె పైనుంచి కుమ్మరిస్తే "ఆరియా, ఆరియా, నెమ్మదిగా ఆరియా!" మనవడు కింద పడి ఏడిస్తే కూడా "హాబీస్" అనేవాడు. వాడు లేచేవాడు.

ఆయనకి ఒకటే కోరిక. పెంకుటింటి మీద ఒక గది. మేడ గది. నేనా ఇంట్లో దిగిన మొదటి వారంలోనే అడిగాడు:

"మేడ మీద పడుకుంటే ఏటి కనిపిత్తాది బాబూ?"

"మిగతావాళ్ల ఇళ్ల కప్పులు," అన్నాను.

"అదే! అదే కావాల నాకు," అని తొడ చరుచుకున్నాడు. "ఆల్ల మొకాలొద్దు."

ఇటికలు కొన్నాడు. కొన్నవాడు గోడలు లేపలేదు, మెట్లు కట్టాడు. ఇంటి పక్కగా, గోడకి అంటుకుని, చూరు దాటేదాకా మెట్లు. పైన గది లేకుండా మెట్లేమిటని అడిగాను. నా వైపు జాలిగా చూశాడు.

"కార్కానాలో ఏటి సేత్తారు? ముందు నిచ్చెన కడతారు. తరవాతే క్యాబిను. నిచ్చెన నేకుండా క్యాబిను కడితే పైనున్నోడు ఎలా దిగుతాడు?"

పైన ఎవడూ లేనప్పుడు దిగే సమస్య ఎక్కడిదని నేను అడగలేదు. నేను అద్దెకున్నవాణ్ణి.

అసలు సమస్య వేరే. రన్‌వేకి ఎదురుగా ఉన్న ఇళ్లు ఫలానా ఎత్తు దాటకూడదని నిబంధన. ఏరోడ్రం ఆఫీసరు బెంగాలీ. మంచి మనిషి. మంచి మనుషుల దగ్గర పని కావడం మరీ కష్టం. వాళ్లు లంచం తీసుకోరు, నిబంధన మాత్రం వదలరు. ఈయన వారం వారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, ఆ గుమ్మంలో నిలబడి వచ్చేవాడు. గేటు దగ్గరి చౌకీదారు ఛప్రా మనిషి. "ఫిర్ ఆ గయా?" అనేవాడు. ఈయన అతని చేతిలో జంతికల పొట్లం పెట్టేవాడు. అలా చాలా జంతికలు ఖర్చయ్యాయి.

చివరికి ఒక రోజు చెప్పులు కూడా విప్పకుండా నా గదిలోకి వచ్చేశాడు.

"ఒప్పీసుకున్నాడు బాబూ! సోమారం నాడు సొయంగా వచ్చి సూత్తాడంట. ఒకటే గది, రేకు కప్పు, తక్కువ ఎత్తు. అడ్డం నేకపోతే పైకి రాసేత్తాడంట."

"అంటే ఇంకా ఒప్పుకోలేదు."

"ఒచ్చి సూసినోడు ఒప్పుకోడేటి!"

అది కార్తీకమాసం. ఆ సంతోషంలో ఆయనకి దేవుడు గుర్తొచ్చాడు. కార్తీకంలో మా వైపు ఆకాశదీపం ఎత్తుతారు. పొడుగాటి గడ చివర, చిల్లుల కంచు కుండలో దీపం పెట్టి తాడుతో పైకి లాగుతారు, పోయిన పెద్దలకి దారి కనిపించాలని. మా ప్రాంతంలో అది గుడికీ, మాలాంటి ఇళ్లకీ ఉన్న మర్యాద. మిగతావాళ్లు కింద నిలబడి దణ్ణం పెట్టుకునేవారు. ఆయనా చిన్నప్పుడు అలా పెట్టుకున్నవాడే.

"మీ మేడ కాడ ఆకాశదీపం ఎంతెత్తున పెట్టీవోరు బాబూ?"

"మేడ మీద ఇంకో మేడంత," అన్నాను.

అది నిజం. నిజం చెప్పడం మా వంశంలో ఉంది. విన్నవాడు దాన్ని కొలతగా పుచ్చుకుంటే దానికి వంశం పూచీపడదు.

ఆదివారం పొద్దున్నుంచీ బస్తీ అంతా మా వాకిట్లోనే. వెదుళ్లు ఒకదానికొకటి జోడించి, తీగలతో బిగించి, నాలుగు వైపులా తాళ్లు కట్టి, కొసన కప్పీ బిగించి, ఆ గడని నిలబెట్టించాడు. తనేమీ ముట్టుకోలేదు. పైమెట్టు మీద కూర్చుని రెండు చేతులతో సైగలు చేస్తూ కూత మాత్రం వేశాడు. చీకటి పడుతుండగా దీపం లేచింది. "హాబీస్! హాబీస్! ఇంకా హాబీస్!" కార్ఖానా చిమ్నీల వెలుగుతో ఎర్రబారిన ఆ ఆకాశంలో, అన్నిటికన్నా పైన, చిన్న పసుపు చుక్క. కద్మా నుంచి కూడా కనిపించిందని తరవాత మా ఆఫీసులో అనుకున్నారు. బాగుంది. బాగులేదని నేను అనలేను.

"దేముడు సల్లగా సూడాల," అన్నాడు ఆయన, తల పైకెత్తి. "రేపు ఆఫీసరు వత్తన్నాడు."

ఎత్తు గురించి అనుమతి అడిగిన మనిషి, ఆ అనుమతి దొరకాలని, రన్‌వేకి ఎదురుగా బస్తీలోకెల్లా ఎత్తయిన గడ పాతాడు. దేశం మొత్తం మీద ఈ పొరపాటు చెయ్యగలిగినవాళ్లు మావైపు వాళ్లే.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. ఇంటి వైపు చూడలేదు. మెట్ల వైపూ చూడలేదు. గడ మొదట్లో నిలబడి తల వెనక్కి వంచాడు. ఆయన టోపీ కింద పడింది. చౌకీదారు టోపీ తీసి దులుపుతూ, జంతికలన్నీ మరిచిపోయి అరిచాడు:

"అరే బుడ్ఢా! యే క్యా ఖడా కర్ దియా?"

"దియా హై సాబ్. భగవాన్ కా."

ఎంత ఎత్తు అని అడిగాడు ఆఫీసరు, మెల్లగా. అక్కడైనా తగ్గించి చెప్పవచ్చు. కానీ అడిగింది ఎత్తు గురించి, అడిగింది క్రేను మనిషిని. ఛాతీ పొంగింది.

"మేరా క్యాబిన్ కే బరాబర్, సాబ్!"

ఆఫీసరు ఒక్క గదికి అనుమతి కోసం మూడు గదుల ఎత్తు నిలబెట్టిన మనిషిని తన సర్వీసులో చూడలేదన్నాడు. దీపం వెలిగేది చీకటి పడ్డాకే కదా, చీకటి పడ్డాక విమానం రాదు కదా అని ఈయన వాదించాడు. మంచి వాదమే.

"మరి పగలు ఆ గడ ఎక్కడికి వెళ్తుంది?" అన్నాడు ఆఫీసరు.

సాయంత్రంలోగా దించేయమన్నాడు. ఈ ఇంటి మీద ఒక్క ఇటిక లేచినా ఒప్పుకునేది లేదని, ఈయన నమ్మదగ్గ మనిషి కాదని చౌకీదారుకి వినిపించేలా చెప్పి వెళ్లిపోయాడు. చౌకీదారు వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి చూశాడు. క్రేను మామ కొడుకు వెల్డింగు పని చేసేవాడు. మేం తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబిచ్చే రకం.

"బోలా థా నా బాబా?"

"ఏటి బోలా థా? నోరు ముయ్యి. తాడట్టుకో."

గడ దింపేటప్పుడు కూత ఆయనే వేశాడు. "ఆరియా... ఆస్తే... ఆస్తే ఆరియా." కరిగిన ఇనుముని దించేటప్పుడు కూడా అంత జాగ్రత్త పడి ఉండడు.

మెట్లు మిగిలాయి. మెట్లని పగలగొట్టమని ఎవరూ అనలేదు. ఎక్కడికీ చేర్చని మెట్లకి నిబంధన ఉండదు. ఆ మర్నాటి నుంచీ ఆయన సాయంత్రం అయ్యేసరికి పైమెట్టు మీద కూర్చునేవాడు. వీపు వెనక గోడ లేదు, నెత్తిన కప్పు లేదు. షిఫ్టు దిగిన వాళ్లు సైకిళ్ల మీద వస్తుంటే అందరికన్నా ముందు ఆయనకి కనిపించేవారు. ఇక మొదలు.

"ఓలమ్మీ, నీ మొగుడు మలుపు తిరిగినాడు, బియ్యం పడీ!"

"నా మొగుడేనా, సరిగ్గా సూసినావా మామా?"

"మొకం తెల్దు. నడినెత్తి ఆడిదే!"

బస్తీలో చాలా ఇళ్లలో ఆయన కూత విన్నాకే ఎసట్లో బియ్యం పడేది. మగవాళ్లు దారిలో సారా కొట్టు దగ్గర ఆగడం తగ్గిందట కూడా. ఆ సేవకి ఆయన రుసుము తీసుకోలేదు. నా అద్దెలో కలిపేశాడేమో తెలీదు.

ఒక సాయంత్రం పైనుంచి నన్ను పిలిచాడు. "రండి బాబూ, మేడెక్కండి."

"మేడ ఉంటే ఎక్కుతాను," అన్నాను.

నొచ్చుకుంటాడనుకున్నాను. నవ్వాడు. "నిజమే. మీది పడిపోయిన మేడ, నాది నెగని మేడ. ఇద్దరం పెంకు కిందే తొంగుంటన్నాం కదా."

నెల్లాళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

తరవాత ఒకసారి మా కాంట్రాక్టరు టెండరు కాగితాలు అవతలి రోజుకల్లా కలకత్తా చేరాల్సి వచ్చింది. రైలుకి టైము లేదు. నన్ను విమానంలో పంపాడు. గుమాస్తాని కాదు, కాగితాలని పంపాడు. అవి ఒంటరిగా వెళ్లలేవు కాబట్టి నేను. ఈ సంగతి బస్తీలో నాకన్నా ముందు ఆయనే చాటాడు. నేను గేటుకి వెళ్లేసరికి ఇస్త్రీ చొక్కాలో సిద్ధంగా ఉన్నాడు.

"పైకి ఎల్లినాక మన మెట్లు సూడండి బాబూ. నాను పరిగెట్టుకెల్లి ఆటి మీద కూకుంటాను. సెయ్యూపుతాను."

చూశాను. కిటికీకి నుదురు ఆనించి మరీ చూశాను. తిరిగొచ్చాక కంచె దగ్గరే పట్టుకున్నాడు.

"కనిపించిందా?"

ఆయన ముఖం చూస్తే అబద్ధం చెప్పాలనిపిస్తుంది ఎవరికైనా. నేను చెప్పలేదు.

"లేదండీ. పైనుంచి చూస్తే దేనికీ ఎత్తు ఉండదు. మేడ, పాక, గుడి, నుయ్యి అన్నీ నేలకి అతికించినట్టే ఉన్నాయి."

విమానం చప్పుడేమీ లేదు. అయినా ఆయన చూపుడువేలు లేచింది. చాలాసేపు అలాగే ఉంది.

"అయితే మీ తాతగోరి మేడ కూడా కనిపించదన్నమాట."

"కనిపించదు."

"మరైతే ఆ ఆఫీసరు దేనికి జడిసినాడు?"

ఆ మరుసటేడు కద్మాలో గది దొరికింది, వెళ్లిపోయాను. అక్కడ నీళ్లొచ్చేవి. అన్నం వేళ ఎవరూ కూత వేసేవాళ్లు లేరు.

పెద్దకర్మ అయిపోయాక, మొన్న సాయంత్రం పరామర్శకి వెళ్లాను. కలకత్తా విమానం మానేసి చాలా కాలమైంది. ఆ బెంగాలీ ఆఫీసరు రిటైరై వెళ్లిపోయాడట. రన్‌వే పక్కన గేదెలు మేస్తున్నాయి. ఇప్పుడు మేడకి అడ్డు చెప్పే మనిషి లేడు. మేడ కావలసిన మనిషీ లేడు. ప్రభుత్వాల పనీ దేవుడి పనీ ఒకే వేగంతో సాగుతాయి.

మెట్ల కింద అత్త కూర్చుని ఉంది. ఆవిడ పక్కన చౌకీదారు గొంతుక్కూర్చుని టీ తాగుతున్నాడు. కసరడానికి మనిషి పోయాక పాపం ఎక్కడికి వెళ్తాడు? కొడుకు చూరు కింద నుంచి పాత వెదుళ్లు బయటికి లాగుతున్నాడు. మళ్లీ కార్తీకం.

"అందరికీ దారి సూపించాల అనీవోడు బాబూ," అంది అత్త. "ఇప్పుడు ఈనకే సూపించాల."

నేను చౌకీదారు వైపు చూశాను. అతను గ్లాసు కింద పెట్టి, మొహం బస్తీ అవతల నది వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"లగావ్, లగావ్. మైనే కుఛ్ నహీఁ దేఖా."

గడని మెట్ల పక్కనే నిలబెట్టి కట్టారు. కుండలో దీపం వెలిగించారు. తాడు ఎక్కడ చిక్కుపడుతుందో చూడ్డానికి, కూత వెయ్యడానికి పైన ఒక మనిషి ఉండాలి. ఎప్పుడూ ఉండే మనిషి లేడు.

"మీరు మేడల్లో పుట్టినోరు," అంది అత్త. "ఎంతెత్తుకి లాగాలో మీరే సెప్పండి."

చెప్పులు విప్పి ఎక్కాను. పైమెట్టు మధ్యలో అరిగి, మనిషి కూర్చునేంత గుంట పడి ఉంది. అక్కణ్ణుంచి మిగతావాళ్ల ఇళ్ల కప్పులు కనిపించాయి. కప్పుల మీద ఆరేసిన గుమ్మడి వడియాలు, ఎండిన సొరపాదు, ఒక పిల్లి. మలుపు దగ్గర సైకిళ్ల దీపాలు ఒక్కొక్కటే తిరుగుతున్నాయి. ఏ గుమ్మానికీ కూత లేదు. మా మేడ మీంచి కూడా ఇదే కనిపించేది. ఇంతకన్నా ఎక్కువేమీ కనిపించేది కాదు.

దీపం నా మోకాళ్లు దాటింది, భుజం దాటింది, తల దాటింది. కింద నుంచి కొడుకు తాడు బిగించి పట్టుకుని అడిగాడు.

"బస్, బాబూజీ?"

నిబంధన ప్రకారం అక్కడితో ఆపాలి.

"హాబీస్," అన్నాను.